ఇన్‌ఛార్జి మేడం

"అక్కా, ప్రిన్సిపాల్ కావాలంటే ఏం చదవాలి?"

అడిగింది పాత బడిలో నాతోపాటు పనిచేసిన అమ్మాయి. సైన్సు చెబుతుంది. బి.ఎస్సీ., బి.ఎడ్. ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, ఫోన్లో దాచుకున్న అరడజను కోర్సుల వివరాలు నా ముందు పెట్టింది. ఒకటి ఎం.బి.ఏ., ఒకటి ఎం.ఎడ్., ఒకటి ఎం.ఏ. ఎడ్యుకేషన్, రెండు డిప్లొమాలు. ఇంకొకటి 'గ్లోబల్ లీడర్‌షిప్' అని ఏదో ఉంది, అది దేనికి పనికొస్తుందో నాకూ అర్థం కాలేదు. చీటీ పాడిన లక్షన్నర తన చేతిలో ఉంది. నెలాఖరులోగా ఏదో ఒకదానికి కట్టెయ్యాలి. లేకపోతే ఆ డబ్బు ఇంట్లో ఇంకో అవసరానికి కరిగిపోతుంది. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. టీ పెట్టొస్తానని వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగుతుంటే నాకు 2016 గుర్తొచ్చింది. ఆ ఏడు ఇదే ప్రశ్న నాకు నేను వేసుకున్నాను. అప్పుడు అడగడానికి నాకు ఏ అక్కా లేదు.

హన్మకొండలో పుట్టి పెరిగాను. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు, ఆ తర్వాత బి.ఎడ్. పెళ్ళయ్యాక ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మమ్మల్ని మాదాపూర్ వైపు తీసుకొచ్చింది. సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. మేము వచ్చేసరికి ఇంకా దాని చుట్టూ బండరాళ్ళు, సీతాఫలం చెట్లు ఉండేవి. 2004లో కొండాపూర్ వైపు ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరాను. ఇంగ్లీషులో తప్ప మాట్లాడకూడని బడిలో తెలుగు మేడం స్థానం ఏమిటో ఈ పత్రిక పాఠకులకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పండుగలప్పుడు దీపం వెలిగించే పని, బతుకమ్మ పేర్పించే పని, అతిథికి పూలగుచ్ఛం ఇచ్చే పిల్లల్ని తయారుచేసే పని నాది. పాఠం ఆ తర్వాత.

అయినా పని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. టైంటేబుల్ వేసే ఆవిడ ప్రసవానికి వెళితే ఆ పని నాకొచ్చింది, తిరిగి వెళ్ళలేదు. పరీక్షలు, బస్సులు, ఆయాల డ్యూటీలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు ఒక్కొక్కటే నా బల్లమీదికి చేరాయి. మొదట కోఆర్డినేటరన్నారు, తర్వాత వైస్ ప్రిన్సిపాలన్నారు. 2013లో ప్రిన్సిపాల్ మానేసి వెళ్ళిపోతే, "కొన్నాళ్ళు మీరు చూసుకోండి మేడం" అన్నారు యాజమాన్యం వాళ్ళు. ఆ కొన్నాళ్ళు మూడేళ్ళయ్యాయి. బోర్డు మీద పేరు లేదు. జీతంలో మార్పు లేదు. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. బడిలో అందరూ ఇన్‌ఛార్జి మేడం అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే, ఆ పిలుపుకి నేను మురిసిపోయాను కూడా.

2016 వేసవిలో ఆ కుర్చీకి మనిషిని తీసుకుంటున్నామని చెప్పారు. నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను. లోపల పది నిమిషాలు కూడా కూర్చోలేదు. "మీ కమిట్‌మెంట్ గురించి మాకు డౌటే లేదు. మీరు మా బడికి అమ్మలాంటివారు. కానీ మీకు మేనేజ్‌మెంట్ క్వాలిఫికేషన్ లేదు కదా" అన్నారు. జూన్‌లో ఒక సారు వచ్చారు. ఎం.బి.ఏ. చేసి, అంతకుముందు ఏదో కంపెనీలో అమ్మకాలు చూశారట. మర్యాదస్తుడే, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. మొదటి వారం ఆయనకు సబ్‌స్టిట్యూషన్ ఎలా వేయాలో, పదో తరగతి నామినల్ రోల్స్ ఎప్పుడు పంపాలో నేనే నేర్పాను. మా ఆయా నా మీద ప్రేమతోనే అంది: "సారు వచ్చిండు గద మేడం, ఇగ మీకు పని తక్కువైతది."

పని తగ్గలేదు.

'అమ్మలాంటివారు' అన్న మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. నేను మూడేళ్ళు చేసింది ఏమిటి? రోజూ కొన్ని వందల మంది పిల్లల్ని తెచ్చి, చదివించి, భద్రంగా ఇళ్ళకు చేర్చడం. డెబ్బై మంది ఉద్యోగుల పని పంచడం. సారు అదే పని చేస్తే అది పరిపాలన. నేను చేస్తే మాతృత్వం. మాతృత్వానికి జీతం ఉండదు, హోదా ఉండదు, ఒక్క పొగడ్త ఉంటుంది. ఇంటి చాకిరీ గురించి స్త్రీవాదులు ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఇది. ఆ చాకిరీ ఇంటి గేటు దాటి ఆఫీసు గదిలోకి వచ్చినప్పుడు నేను దాన్ని గుర్తుపట్టలేదు.

అప్పుడే రూల్సు చదవడం మొదలుపెట్టాను. ఆ పని మూడేళ్ళ ముందే చెయ్యాల్సింది. మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో స్కూల్ అసిస్టెంటు గెజిటెడ్ హెడ్మాస్టరు కావాలంటే సీనియారిటీ ఉండాలి, గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, అకౌంట్స్ టెస్టు లాంటి శాఖాపరమైన పరీక్షలు ప్యాసవ్వాలి. ఎం.బి.ఏ. ఎవరూ అడగరు. కేంద్రీయ విద్యాలయ ప్రిన్సిపాల్‌కి పోస్టు గ్రాడ్యుయేషన్, బి.ఎడ్., నిర్ణీత అనుభవం కావాలి. సీబీఎస్‌ఈ బడుల్లోనూ సాధారణంగా అడిగేది అదే: పీజీ, బి.ఎడ్., బోధనానుభవం. ఈ మూడూ నా దగ్గర ఉన్నాయి. లేదన్న అర్హత ఏ నిబంధనలోనూ లేదు. అది ఆ రోజు, ఆ గదిలో, నాకోసం పుట్టిన అర్హత.

బయటి దేశాల్లో సంగతి వేరు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, గుర్తింపు పొందిన శిక్షణ, పరీక్షలు, వాటితోపాటు కనీసం రెండేళ్ళు తరగతి గదిలో పాఠం చెప్పిన అనుభవం ఉండాలి. ఇంగ్లండులో ప్రధానోపాధ్యాయులకోసం 1997లో ఒక జాతీయ అర్హత పెట్టారు, కొన్నాళ్ళు తప్పనిసరి చేశారు, 2012లో ఆ నిబంధన ఎత్తేశారు. అక్కడ అర్హత గురించి వాదించుకోవడానికి ఒక బహిరంగమైన నియమం ఉంది. అది ఎవరికైనా ఒకటే. మన ప్రైవేటు బడుల్లో మాత్రం నియమం ఒకటి ఉంటుంది, గదిలో చెప్పేది ఇంకొకటి ఉంటుంది.

ఇదంతా తెలిశాక చదవడం మానేయొచ్చు కదా అంటారేమో. మానలేదు. రెండు కారణాలున్నాయి. ఒకటి పంతం. రెండోది, నేను చేస్తున్న పనికి ఒక శాస్త్రం ఉంటే అది తెలుసుకోవాలన్న నిజమైన ఆశ.

ఏం చదవాలి? ఎక్కడ చదవాలి? మా ఇంటి చుట్టూ ఉన్నన్ని విద్యాసంస్థలు రాష్ట్రంలో ఇంకెక్కడా ఉండవేమో. గచ్చిబౌలిలో 1974లో పుట్టిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, అదే ఏడాది వచ్చిన ట్రిపుల్ ఐటీ. 2001లో తరగతులు మొదలుపెట్టిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్. ఆ గోడ పక్కనుంచి మా స్కూలు బస్సు రోజూ వెళ్ళేది. వ్యాపారాలు నడపడం నేర్పడానికి అంత పెద్ద ప్రాంగణం ఉంది. ఈ ప్రాంతంలోని బడులు నడుపుతున్న ఆడవాళ్ళకు సాయంత్రం పూట వెళ్ళి నేర్చుకోగలిగే గది ఒక్కటీ నాకు దొరకలేదు.

ఉన్న దారులు ఇవి. ఎం.ఎడ్. చెయ్యాలంటే బి.ఎడ్. ఉండాలి. ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో అది ఏడాది నుంచి రెండేళ్ళయింది. ఉస్మానియా వాళ్ళ సంస్థ మాసబ్‌ట్యాంకులో ఉంది, ఉర్దూ వస్తే గచ్చిబౌలిలోనే చదవొచ్చు. బి.ఎడ్. కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్ళకు ఈ డిగ్రీ తప్పదు. కానీ పగటిపూట తరగతులకు వెళ్ళాలి, అంటే ఉద్యోగం వదులుకోవాలి. ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కి బి.ఎడ్. అక్కర్లేదు. విద్యను సమాజంలో పెట్టి చూడడం నేర్పుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్ క్యాంపస్‌లో, బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో దాన్ని నేరుగా చదవొచ్చు. ఇగ్నోలో దూరవిద్యగా చదవొచ్చు, అందులో విద్యా నిర్వహణను ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. అయితే అది బి.ఎడ్.కి బదులు కాదు, ఈ తేడా తెలియక మోసపోయినవాళ్ళున్నారు. ఇక విద్యా నిర్వహణ, పరిపాలనలో ఇగ్నోలోనే పోస్టు గ్రాడ్యుయేట్ డిప్లొమా ఉంది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ 1962లో యునెస్కో కేంద్రంగా మొదలై, 2006లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. 2012లో పాఠశాలల నాయకత్వంకోసం అక్కడ ఒక జాతీయ కేంద్రమే పెట్టారు. ముఖ్యంగా ప్రభుత్వ బడుల హెడ్మాస్టర్లకు అది దారి చూపుతోంది.

ఎం.బి.ఏ. సంగతి కూడా చెప్పాలి. వారాంతపు ఎం.బి.ఏ. ఫీజు నా ఏడాది జీతంకన్నా ఎక్కువ. డబ్బు ఉన్నా ఆ ఫీజు కట్టేదాన్ని కాదనుకుంటాను. పాఠాల జాబితా చూశాను. మార్కెటింగుంది, ఫైనాన్సుంది. పిల్ల ఏడుస్తూ బడికొచ్చిన రోజు ఏం చెయ్యాలో ఎక్కడా లేదు.

2017 జనవరిలో ఇగ్నో డిప్లొమాలో చేరాను. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి. ఎం.ఏ. తెలుగు చదివి, నలభై దాటాక, 'సంస్థాగత ప్రవర్తన' గురించి ఇంగ్లీషులో అసైన్‌మెంట్లు రాయడమంటే నాకు మొదట్లో చెమటలు పట్టేవి. మా ఆయనకి రాత్రి పదకొండు దాకా అమెరికావాళ్ళతో మీటింగులు. ఆయన గది తలుపు వేసుకుంటే అది ఆఫీసు. నేను డైనింగ్ టేబుల్ మీద పుస్తకం తెరిస్తే అది డైనింగ్ టేబులే. "అమ్మా, నా యూనిఫాం ఎక్కడుంది?" అని మా అమ్మాయి నన్నే అడిగేది, పక్క గదిలో ఉన్న నాన్నని కాదు. ఒకరోజు మాత్రం, "అమ్మ చదువుకుంటోంది, నేను వెతుక్కుంటాలే" అంది. అప్పటికి చేరి ఏడు నెలలు.

ఆ రోజుల్లో దుర్గాబాయమ్మ గురించి తరచూ ఆలోచించేదాన్ని. ఆమె చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టి నడిపింది. మెట్రిక్ ప్యాసైంది ఆ తర్వాత. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా, మద్రాసులో లా డిగ్రీ ఇంకా తర్వాత. స్త్రీ విద్యపై 1958లో వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది. అంటే ఆమె ముందు బడి నడిపింది, తర్వాత చదువుకుంది. పుణేలో 1848లో పాఠం చెప్పడం మొదలుపెట్టిన సావిత్రీబాయి ఉపాధ్యాయ శిక్షణ పొందింది కూడా. ఈ ఇద్దరికీ చదువు చాలా విలువైంది. కానీ మీకు ఫలానా డిగ్రీ లేదు కాబట్టి మీరు నడిపింది బడి కాదు అంటే వాళ్ళిద్దరూ ఒప్పుకునేవాళ్ళు కారు.

పుస్తకాల్లో మొదట ఫేయోల్ పేరు వచ్చింది. గనుల కంపెనీ నడిపిన ఫ్రెంచి ఇంజనీరు. పరిపాలన అంటే ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆజ్ఞ, సమన్వయం, నియంత్రణ అని చెప్పాడు. చదువుతుంటే కొంచెం నవ్వొచ్చింది. ఇవన్నీ నేను చేస్తున్నవే, వాటికి ఇన్ని పేర్లున్నాయని తెలియదు. పేరు తెలియడం చిన్న విషయం కాదు. అంతకుముందు మీటింగులో, "టీచర్లు అలిసిపోతున్నారు సార్" అనేదాన్ని, ఎవరూ వినేవారు కాదు. డిప్లొమా మొదలయ్యాక వారానికి ఎవరికెన్ని పీరియడ్లు, ఎన్ని సబ్‌స్టిట్యూషన్లు అని పట్టిక వేసి పెట్టాను. విన్నారు. అవే నిజాలు, అదే గొంతు.

ప్రాజెక్టుకోసం మా బడినే తీసుకున్నాను. రెండు వారాలపాటు బడిలో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటున్నారో ఒక రిజిస్టరులో రాశాను. కొత్తగూడ చౌరస్తాలో బస్సు ఇరుక్కుంటే మొదటి పీరియడు ఎవరు సర్దారు? జ్వరమొచ్చిన పిల్లవాడి తల్లీ తండ్రీ ఇద్దరూ మీటింగుల్లో ఉండి ఫోనెత్తకపోతే, సాయంత్రం దాకా వాడిని ఎవరు ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు? గర్భవతి అయిన టీచరు ఆ సంగతి ఆఫీసులో చెప్పడానికి భయపడితే, ఆమె మెట్లెక్కకుండా కింది అంతస్తులో క్లాసు ఎవరు మార్చారు? రిజిస్టరు నిండా ఆయాలు, క్లాసు టీచర్లు, ఫ్రంటాఫీసు అమ్మాయి. ప్రిన్సిపాల్ గదిలో తీసుకున్న నిర్ణయాలకన్నా వరండాలో తీసుకున్నవే ఎక్కువ. సిద్దిఖ్‌నగర్ నుంచి నడిచొచ్చే ఆయా మా బడి పరిపాలనలో భాగమని ఆ రిజిస్టరు రాశాకే నాకు తెలిసింది. నా శ్రమను ఎవరూ గుర్తించలేదని బాధపడుతున్నదాన్ని, ఆమె శ్రమను నేనెప్పుడు గుర్తించాను?

ఆ చదువు నాకు చట్టాలు చదివే అలవాటు కూడా చేసింది. పిల్లల మీద లైంగిక నేరాల గురించి 2012లో వచ్చిన చట్టం ప్రకారం, తమ కిందివాళ్ళు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు దాచిపెడితే ఏడాది దాకా జైలు. మూడేళ్ళు 'చూసుకోండి' అన్న మాట మీద నేను మోసింది ఎంత బరువో అప్పుడర్థమైంది. ఇంకొకటి గ్రాట్యుటీ. చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం టీచర్లు దాని కింద ఉద్యోగులు కారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2009లో పార్లమెంటు సవరణ తెచ్చి వాళ్ళను చేర్చింది. ప్రైవేటు బడులు దాన్ని సవాలు చేస్తే, 2022 ఆగస్టులో కోర్టు సవరణనే నిలబెట్టింది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పనిచేసి, వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని ఇంటికెళ్ళిన ఎంతమంది టీచరమ్మలకు ఈ సంగతి తెలుసు? నాకు తెలిసిన ఇద్దరికి దరఖాస్తులు రాసిపెట్టాను. నా డిప్లొమా ఎందుకు పనికొచ్చిందని ఎవరైనా అడిగితే ముందు ఈ రెండు దరఖాస్తులే చెబుతాను.

2019లో చందానగర్ వైపు ఒక చిన్న బడిలో ప్రిన్సిపాల్‌గా చేరాను. పాత జీతంకన్నా కొంచెం తక్కువే. కానీ నియామక పత్రం ఇచ్చారు, తలుపు మీద పేరు రాశారు. ఆ సంతోషం దాచుకోను. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. కొన్నాళ్ళకు ఫీజులు రావడం ఆగిపోయింది. ఎవరికి సగం జీతం, ఎవరికి అసలు లేదు అన్న జాబితా తయారుచెయ్యమని యాజమాన్యం నన్నడిగింది. ఆన్‌లైన్ క్లాసు చెప్పలేని ఆయాల పేర్లు ఆ జాబితాలో చివరికి వెళ్ళాయి. రాసింది నేను, సంతకం నాది. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంటే, ఆ దరఖాస్తులు నింపిందీ నేనే. నేను చదివిన పాఠాల్లో ఖర్చు అదుపు గురించి ఒక అధ్యాయం ఉంది. ఆ జాబితా చదివి వినిపించేటప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ముఖంలోకి ఎలా చూడాలో అందులో లేదు.

దానికన్నా నన్ను ఎక్కువ వేధించేది 2023 నాటి సంగతి. మా బడిలో వైస్ ప్రిన్సిపాల్ పోస్టుకి ఇంటర్వ్యూలు జరిగాయి. బల్లకి ఇటువైపు నేను. ఒకావిడ వచ్చింది, నా వయసే. బోరబండ దగ్గర ఒక చిన్న బడిని యజమాని తరఫున పద్నాలుగేళ్ళు నడిపింది. కరోనా తర్వాత యజమాని బడి మూసేశాడు. ఆవిడకి బి.కాం., బి.ఎడ్. ఉన్నాయి. చేతిసంచిలో పాత హాజరు పట్టీలు, పదో తరగతి ఫలితాల కాగితాలు తెచ్చుకుంది. నేను వాటిని చూడలేదు. నా నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న: "మేనేజ్‌మెంట్‌లో ఫార్మల్‌గా ఏమైనా చదివారా?"

ఆవిడ కాసేపు నా వైపు చూసి, "బడి నడిపానండీ" అంది.

ఫారంలో ఆ గడి దగ్గర 'లేదు' అని రాశాను. పోస్టు ఎం.ఎడ్. చేసిన ఒక చిన్నమ్మాయికి వెళ్ళింది. ఆ అమ్మాయి బాగానే పనిచేస్తోంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2016లో నాతో మాట్లాడింది మగవాళ్ళు. 2023లో ఆ గదిలో అదే మాట అన్నది నేను. ఎంతో కష్టపడి తెచ్చుకున్న కాగితాన్ని నేను నిచ్చెనగా వాడుకున్నాను. పైకెక్కాక దాన్ని గడియగా బిగించాను.

డిగ్రీ మీద నాకు కోపం లేదు. డిగ్రీ వద్దని చెప్పడం చదువుకున్నవాళ్ళు సుఖంగా చెప్పగలిగే మాట. దళిత, బహుజన కుటుంబాల నుంచి మొదటిసారి బడి మెట్లెక్కి టీచర్లయిన ఆడవాళ్ళకు కాగితమే రక్షణ. వాళ్ళకు పరిచయాల్లేవు, పలుకుబడి లేదు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలైన పథకం. మన దగ్గర వాటిని నడిపేది స్పెషల్ ఆఫీసర్లనే ఆడవాళ్ళు. రాత్రీ పగలూ ఆడపిల్లల బాధ్యత వాళ్ళ మీదే. వాళ్ళకు డిగ్రీలున్నాయి, శిక్షణా ఉంది, ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ళూ రోడ్డు మీద కూర్చున్నారు. చదువు ఉన్నా హోదా రాకపోవడం వాళ్ళ కథ, పని ఉన్నా పేరు రాకపోవడం నా కథ. దేశంలో టీచర్ల సంఖ్య 2024-25లో కోటి దాటింది, అందులో సగానికి మించి ఆడవాళ్ళే. ప్రిన్సిపాళ్ళకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. మంచిదే. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది మాత్రం ఇప్పటికీ ఏదో ఒక గదిలో, పది నిమిషాల్లో తేలిపోతోంది.

టీ చల్లారేలోపు ఆ అమ్మాయికి చెప్పాల్సింది చెప్పాను. ముందు నీకు పీజీ లేదు, నిబంధన అడిగేది అది. కాబట్టి ఈ డబ్బు ఎం.బి.ఏ.కి కట్టకు. దూరవిద్యలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ చెయ్యి, లేదా నీ సబ్జెక్టులో ఎమ్మెస్సీ చెయ్యి, ఉద్యోగం వదలొద్దు. చేరేముందు నువ్వు వెళ్ళాలనుకున్న బడిలో ఏ పీజీ ఒప్పుకుంటారో రాతలో కనుక్కో. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది, ఎవరైనా చిన్నచూపు చూస్తే ఆ కాగితం చూపించు. బి.ఎడ్. కాలేజీకి వెళ్ళాలనుకుంటేనే ఎం.ఎడ్. డిప్లొమా తర్వాత చెయ్యొచ్చు. లక్షన్నరలో చాలాభాగం మిగులుతుంది, దాన్ని నీ పేరు మీదే ఉంచుకో.

"ఇంకోటి. ఇప్పుడు బడిలో నీకేం పనులు అప్పజెప్పారు?"

"పరీక్షల ఇన్‌ఛార్జి నేనే కదక్కా. బస్సులు కూడా."

"ఆర్డరు ఉందా?"

నవ్వింది. "నోటిమాటే."

"రేపు వెళ్ళి రాతపూర్వకంగా అడుగు. ఫలానా తేదీ నుంచి ఫలానా బాధ్యతలు అని. ఇవ్వకపోతే నువ్వే వాళ్ళకు మెయిల్ రాసి పెట్టుకో. డిగ్రీకి రెండేళ్ళు పడుతుంది. దీనికి పది నిమిషాలు."

వారం తర్వాత ఫోను చేసింది. ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టానంది. ఆర్డరు గురించి అడిగితే, "చూద్దాం అన్నార్టక్కా. నేను మెయిల్ పెట్టేశాను" అంది.

ఆ మర్నాడు నేను మా బడిలో ఒక పని చేశాను. మా ప్రైమరీ సెక్షన్‌ని నాలుగేళ్ళుగా ఒక టీచరు చూసుకుంటోంది. అందరూ ఆమెను ఇన్‌ఛార్జి మేడం అనే పిలుస్తారు, నేను కూడా. ఆమెకి ఏ కాగితమూ లేదని నాకు తెలుసు, తెలిసే ఊరుకున్నాను. ఆమె చేస్తున్న పనులన్నీ వరసగా రాసి, ఏ తేదీ నుంచి చేస్తోందో రాసి, హోదా, భత్యం ఇవ్వాలని యాజమాన్యానికి లేఖ పెట్టాను. కింద సంతకం చేశాను. ఒక నకలు ఆమె చేతికిచ్చాను.

బోరబండ నుంచి వచ్చినావిడ ఫోను నంబరు ఆ పాత ఫారంలో ఉంది. ఇంకా చెయ్యలేదు.